చెయ్యెత్తని పిల్లలతో కూడా పాఠం చెప్పించడం ఎలా: టీచర్లకు రోజూ పనికొచ్చే పద్ధతులు

బోర్డు మీద ఈ లెక్క రాసి చూడండి: 8 + 4 = □ + 5. డబ్బాలో ఏం రావాలో పక్కవాళ్లతో మాట్లాడకుండా కాగితం మీద రాయమనండి. నాలుగు, ఐదు తరగతుల పిల్లలైతే చాలామంది 12 అని రాస్తారు. కొందరు 17 రాస్తారు. 7 అని రాసేవాళ్లు మీరనుకున్నదానికంటే తక్కువే ఉంటారు.

నేను మొదటిసారి ఇలా అడిగి కాగితాలు చూసుకున్నప్పుడు గుండె జారిపోయింది. వాళ్లంతా కూడికలు తప్పుల్లేకుండా చేసేవాళ్లే. 'అర్థమైందా?' అంటే 'అయింది టీచర్' అని ఒక్క గొంతుతో అన్నవాళ్లే. '=' గుర్తు కనబడితే 'ఇక్కడ జవాబు రాయాలి' అనుకుంటున్నారు తప్ప, 'అటూ ఇటూ సమానంగా ఉండాలి' అని వాళ్లకు తెలియదు. ముందు బెంచీల్లో చెయ్యెత్తే నలుగురితో పాఠం నడుపుకుంటూ, క్లాసంతా నాతోనే వస్తోందని ఎన్నాళ్లు అనుకున్నానో!

అప్పటినుంచి ప్రతి పీరియడ్‌లో రెండే చూసుకుంటున్నాను. ప్రతి పిల్లా, పిల్లాడూ సొంతంగా ఆలోచించారా? వాళ్లు ఏం ఆలోచించారో నాకు కనబడిందా? కింద చెప్పేవన్నీ ఈ రెండింటి కోసమే. ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు. చాక్‌పీసు, రఫ్ కాగితాలు ఉంటే చాలు.

1. ముందురోజు మూడు ప్రశ్నలు రాసి పెట్టుకోండి

లెసన్ ప్లాన్‌లో మనం ఎక్కువగా రాసేది టీచరు చేసే పనులు. 'భిన్నాల కూడిక వివరిస్తాను, ఉదాహరణలు చెబుతాను, అభ్యాసం ఇస్తాను.' దాన్ని అలాగే ఉంచి, పక్కన ఇంకో వాక్యం రాయండి: బెల్లు కొట్టేసరికి పిల్లలు ఏం చేయగలగాలి? 'హారాలు వేరుగా ఉన్న రెండు భిన్నాలు ఇస్తే, కూడిక జవాబు ఒకటికంటే ఎక్కువ వస్తుందో తక్కువ వస్తుందో ముందే చెప్పి, తర్వాత చేసి చూపాలి.' ఇంత స్పష్టంగా ఉండాలి. 'భిన్నాల మీద అవగాహన కలగాలి' అని రాసుకుంటే, కలిగిందో లేదో తేల్చుకునే దారి ఉండదు.

తర్వాత పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో ఊహించండి. 1/2 + 1/3 ఇస్తే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపి 2/5 రాస్తారు. 1/8, 1/4 లలో ఏది పెద్దదంటే 1/8 అంటారు, 8 పెద్దది కాబట్టి. ఇవి పరధ్యానంలో చేసే తప్పులు కావు. ఇన్నాళ్లూ పూర్ణసంఖ్యల దగ్గర చక్కగా పనిచేసిన పద్ధతినే ఇక్కడికీ తెచ్చుకుంటున్నారు. సైన్సులోనూ అంతే. మొక్క తన ఆహారాన్ని మట్టిలోంచి లాక్కుంటుందని, బరువైన రాయి తేలికైన రాయికంటే ముందు కింద పడుతుందని, భూమి సూర్యుడికి దూరంగా జరిగితే చలికాలం వస్తుందని మనం పాఠం మొదలుపెట్టకముందే వాళ్లకో నమ్మకం ఉంటుంది. పలక మీద ముందే ఏదో రాసి ఉందన్నమాట. అదేమిటో చదవకుండా దానిమీదే మనం రాస్తే రెండూ అలుక్కుపోతాయి.

ఆ తప్పుల్ని బయటికి తెచ్చే ప్రశ్నలు మూడు చాలు. పీరియడ్ మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి. ఇది పది నిమిషాల పని. ఇంకో మాట: పాఠం అయ్యాక, పిల్లలు ఎక్కడ తడబడ్డారో ఆ ప్లాన్ పక్కనే పెన్సిలుతో ఒక్క ముక్క రాసి ఉంచండి. వచ్చే ఏడాది అదే పాఠం చెప్పేటప్పుడు ఆ ఒక్క ముక్క ఏ గైడులోనూ దొరకనంత సాయం చేస్తుంది.

2. మొదటి ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించండి

అటెండెన్స్, పుస్తకాలు తీయడం, 'నిన్న ఎక్కడ ఆపాం?' అనుకోవడం, వీటితో మొదటి ఐదు నిమిషాలు ఎలాగూ పోతాయి. వాటినే పనికొచ్చేలా చేసుకోవచ్చు.

పిల్లలు కూర్చునేసరికి బోర్డు మీద నాలుగు ప్రశ్నలు ఉండాలి. రెండు నిన్నటి పాఠంలోవి, ఒకటి పోయిన వారంది, ఒకటి నెల కిందటిది. పుస్తకం, నోట్సు చూడకుండా గుర్తున్నది రఫ్ నోట్సులో రాయాలి. ఆలోగా మీ అటెండెన్స్ పని అయిపోతుంది. తర్వాత జవాబులు చెప్పండి, ఎవరి తప్పులు వాళ్లే దిద్దుకుంటారు. దీనికి మార్కులు వేయకండి, రిజిస్టరులో ఎక్కించకండి, 'నాలుగూ ఎవరికి వచ్చాయి?' అని చేతులెత్తించకండి. ఈ మాట మొదటిరోజే పిల్లలకు గట్టిగా చెప్పండి. లేకపోతే ఇది కూడా ఇంకో స్లిప్ టెస్ట్ అనుకుని పక్కవాళ్లది చూసి రాస్తారు, ఇక దానివల్ల ఉపయోగం ఉండదు.

మళ్లీ ఒకసారి చదివిస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అనే మనోవిజ్ఞాన పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు చిన్న చిన్న వ్యాసాలిచ్చి ఈ సంగతే పరీక్షించారు. కొందరు చదివిందే మళ్లీ చదివారు. కొందరు కాగితం పక్కన పెట్టి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ నిలిచింది. విచిత్రం ఏమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే. పరీక్ష ముందురోజు నోట్సు పదిసార్లు తిరగేసి 'అంతా వచ్చేసింది' అన్న పిల్ల, ప్రశ్నపత్రం చేతికొచ్చాక బిక్కమొహం వేయడం మనం చూస్తూనే ఉంటాం కదా. కారణం ఇదే.

నెల కిందటి ప్రశ్నను మాత్రం ఎప్పుడూ వదలకండి. నేర్చుకున్నది మొదటి కొన్ని గంటల్లోనే చాలావరకు జారిపోతుందని, ఆ తర్వాత మరపు నెమ్మదిస్తుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే, అర్థంలేని అక్షరాలు తానే బట్టీపట్టి తన మీదే ప్రయోగం చేసి చూపించాడు. మధ్యమధ్యలో గుర్తు చేసుకున్నదే నిలుస్తుంది. మొదటి రెండు వారాలు పిల్లలు ఆ నాలుగో ప్రశ్న దగ్గర ఖాళీ వదిలేస్తారు. కోప్పడకండి, మీరూ నీరుగారిపోకండి. మూడో వారానికి 'ఇది మళ్లీ అడుగుతారు' అని వాళ్లకే తెలిసిపోతుంది. రాయడం ఇంకా రాని చిన్న తరగతుల్లో ఇదే పని జంటల్లో మాటలతో, లేదా బొమ్మ గీయించి చేయొచ్చు.

3. ప్రశ్న అడిగాక ఆగండి

నన్నడిగితే ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

అమెరికాలో సైన్సు బోధన మీద పనిచేసిన మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల మొదట్లో క్లాసు రికార్డింగులు విని, టీచరు ప్రశ్నకూ, పిల్లల జవాబుకూ మధ్య ఎంతసేపు ఆగుతున్నారో లెక్కకట్టింది. సగటున ఒక్క సెకను. ఆలోగా జవాబు రాకపోతే టీచరే చెప్పేయడమో, ఇంకొకరిని అడగడమో చేస్తున్నారు. అదే మూడు సెకన్లు, అంతకు మించి ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, 'తెలీదు' అనేవాళ్లు తగ్గారు, అంతవరకు నోరు విప్పనివాళ్లు మాట్లాడారు, పిల్లలే తిరిగి ప్రశ్నలు అడిగారు.

మూడు సెకన్లేనా అనిపిస్తుంది గానీ క్లాసు ముందు నిలబడితే అది చాలాసేపే. మనకే టెన్షన్ పుడుతుంది. ప్రశ్న అడిగి, నోరు మూసుకుని, మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. ఆ ఐదు సెకన్లలో ప్రశ్నను వేరే మాటల్లో మళ్లీ అడగకండి, క్లూ ఇవ్వకండి. చెయ్యెత్తిన పిల్లల వైపు కాకుండా ఎత్తనివాళ్ల వైపు చూడండి.

వరస కూడా ముఖ్యం. ముందు ప్రశ్న, తర్వాత నిశ్శబ్దం, ఆఖర్న పేరు. ముందే ఒకరి పేరు పిలిచి ప్రశ్న అడిగితే మిగతావాళ్లంతా 'హమ్మయ్య' అనుకుని ఆలోచించడం మానేస్తారు. చెయ్యెత్తే పద్ధతిని కొన్ని ప్రశ్నలకు పూర్తిగా పక్కన పెట్టండి. 'ఈ ప్రశ్నకు ఎవరూ చెయ్యెత్తొద్దు. అందరూ ఆలోచించండి. నేనే ఒకరిని పిలుస్తాను' అనండి. ఇది పిల్లల్ని ఇరుకున పెట్టడానికి కాదని వాళ్లకు తెలియాలి. అది మీ గొంతును బట్టే తెలుస్తుంది. పేర్లు రాసిన చీటీలు ఒక డబ్బాలో వేసుకుని తీస్తే, మనకు తెలియకుండానే ఎప్పుడూ అదే నలుగురిని అడిగే అలవాటు కూడా పోతుంది.

ఎవరైనా 'తెలీదు టీచర్' అంటే ఏం చేయాలి? చాలామందిమి 'సరే కూర్చో' అని పక్కవాళ్లను అడుగుతాం. 'తెలీదు' అంటే తప్పించుకోవచ్చని ఆ పిల్లవాడికి ఆ క్షణంలో అర్థమైపోతుంది. బదులుగా ప్రశ్నను చిన్నది చేయండి. మా క్లాసులో ఒకసారి నడిచిన మాటలివి:

'సాయంత్రం నీడ పొడుగ్గా ఎందుకు పడుతుంది?'

'తెలీదు టీచర్.'

'పర్వాలేదు నాన్నా. చీకట్లో నీ నెత్తిమీద నుంచి టార్చి వేశాననుకో. నీ నీడ ఎక్కడ పడుతుంది?'

'...కాళ్ల దగ్గరే.'

'ఇప్పుడు టార్చి కిందికి దించుతూ పక్కకు తెచ్చాను. నీడేమవుతుంది?'

'అటు దూరంగా పోతుంది. సాగుతుంది టీచర్.'

'మరి సాయంత్రం సూర్యుడు ఎక్కడుంటాడు?'

'కిందికి దిగుతాడు... అందుకే నీడ సాగుతుంది!'

దీనికి ఒక నిమిషం కూడా పట్టలేదు. పెద్ద ప్రశ్న చూసి బెదిరిన పిల్లవాడు జవాబు తానే చెప్పుకున్నాడు. ఇలా చిన్నది చేసినా రాకపోతే, ఇంకొకరి జవాబు విన్నాక మళ్లీ అతని దగ్గరికే వచ్చి 'ఇప్పుడు నీ మాటల్లో చెప్పు' అనండి.

సరైన జవాబు వచ్చినప్పుడు కూడా ఆగాలి. 'వెరీ గుడ్' అని మీరు అన్నారంటే మిగతా క్లాసుకు ఆలోచించాల్సిన పని తీరిపోయినట్టే. ముఖంలో ఏ భావమూ చూపకుండా 'ఎలా తెలిసింది?' అనండి. తప్పు జవాబుకు మాత్రమే ఇలా అడిగితే, ఆ ప్రశ్న వినగానే తాము తప్పు చెప్పామని పిల్లలు పసిగట్టేస్తారు. కాబట్టి రెండింటికీ ఒకేలా అడగండి.

బిడియపడే పిల్లలకు జంటల పద్ధతి మేలు. మొదట ఒక నిమిషం ఎవరికి వాళ్లు ఆలోచిస్తారు, తర్వాత రెండు నిమిషాలు పక్కవాళ్లతో చెప్పుకుంటారు, ఆపైన క్లాసుకు చెబుతారు. ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించిన ఈ పద్ధతి చాలామంది టీచర్లకు తెలిసిందే. కానీ మనం తొందరలో మొదటి నిమిషాన్ని ఎగరగొడతాం. అది పోతే, చురుకైన పిల్ల చెబుతుంది, రెండో పిల్ల వింటుంది, అంతే. 'నువ్వేమన్నావ్?' అని కాకుండా 'నీ పక్కనున్న అమ్మాయి ఏమంది?' అని అడగండి. విన్నదీ లేనిదీ తేలిపోతుంది, పైగా పొరుగువాళ్ల మాట చెప్పడానికి ఎవరికీ భయం ఉండదు.

4. అందరి జవాబూ ఒకేసారి చూడండి

పాఠం సగానికి వచ్చాక ముందుకెళ్లాలా, ఆగాలా అని నిర్ణయించుకునే చోటు ఒకటి ఉంటుంది. ముందురోజు రాసుకున్న మూడింటిలో రెండో ప్రశ్న దానికోసమే. పలకలుంటే పలకల మీద, లేకపోతే రఫ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి, మూడు లెక్కపెట్టి 'చూపించండి' అనండి. అదీ కుదరకపోతే వేళ్లు చాలు. ఒకటో జవాబుకు ఒక వేలు, రెండుకు రెండు. చెయ్యి పైకెత్తకుండా గుండెకు ఆనించి చూపాలి. లేకపోతే వెనక కూర్చున్నవాళ్లు ముందువాళ్లవి చూసి వేళ్లు మార్చేస్తారు.

ఈ పద్ధతి బలమంతా మీరిచ్చే తప్పు జవాబుల్లో ఉంది. దశాంశాల పాఠమే తీసుకుందాం. '0.6, 0.45, 0.375 లలో ఏది పెద్దది?' అని అడిగామనుకోండి. అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనుకునే పిల్లలు 0.375 అంటారు, దొరికిపోతారు. బాగానే ఉంది. కానీ ఇంకో రకం పిల్లలున్నారు. పదో వంతు వెయ్యో వంతుకంటే పెద్దది కదా అని, అంకెలు తక్కువున్న సంఖ్యే ఎప్పుడూ పెద్దదనుకునేవాళ్లు. వాళ్లు 0.6 అంటారు. జవాబు సరైనదే, ఆలోచన తప్పు. మనం టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాం.

సంఖ్యల్ని కాస్త మార్చండి: 0.3, 0.47, 0.285. ఇప్పుడు 0.285 అన్నవాళ్లు మొదటి రకం, 0.3 అన్నవాళ్లు రెండో రకం, 0.47 అన్నవాళ్లకు విషయం తెలుసు. ఒక్క ప్రశ్నతో ముగ్గురూ మూడు వేళ్లతో తమ ఆలోచనను మీకు చూపించేస్తారు. ఇలాంటి ప్రశ్న తయారుచేయడానికి పావుగంట పట్టినా ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. స్టాఫ్ రూమ్‌లో ఒకే సబ్జెక్టు టీచర్లు ఇద్దరు ముగ్గురుంటే పాఠానికొకటి చొప్పున పంచుకుని రాసుకోండి.

చూశాక ఏం చేయాలి? దాదాపు అందరూ సరిగ్గా చూపిస్తే ముందుకెళ్లండి. తప్పిన ఇద్దరు ముగ్గురి పేర్లు గుర్తుపెట్టుకుని, మిగతావాళ్లు అభ్యాసం చేసుకునేటప్పుడు వాళ్ల పక్కన కూర్చోండి. సగం సగం ఉంటే జవాబు చెప్పకండి. వేరే జవాబు చూపిన వాళ్లను ఒకరినొకరు ఒప్పించమని రెండు నిమిషాలిచ్చి, అదే ప్రశ్న మళ్లీ అడగండి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో తన పెద్ద క్లాసుల్లో ఈ దారి పట్టాడు. తోటివాళ్లకు ఇప్పుడిప్పుడే అర్థమైంది కాబట్టి ఎక్కడ చిక్కుపడతామో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. ఇక దాదాపు అందరూ తప్పితే చర్చ వల్ల ఒరిగేదేమీ లేదు. మీరు చెప్పిన దారి కుదరలేదు, ఇంకో దారిలో చెప్పాలి. దశాంశాలకైతే వంద గడుల చదరం గీయించి, 0.3 అంటే ముప్పై గడులు, 0.47 అంటే నలభై ఏడు గడులు రంగు వేయించండి. పక్కపక్కన పెట్టుకుంటే ఏది పెద్దదో కళ్లకే కనబడుతుంది.

5. చేసి చూపండి, సగం చేసి ఇవ్వండి, తర్వాత వదలండి

కొత్త రకం లెక్క చెప్పేటప్పుడు ఒకటి బోర్డు మీద పూర్తిగా చేసి, వెంటనే పది లెక్కలు ఇచ్చేస్తాం. బలహీనంగా ఉన్న పిల్లలు అక్కడే ఆగిపోతారు. 1985లో జాన్ స్వెల్లర్, గ్రాహమ్ కూపర్ ఆల్జీబ్రా మీద చేసిన ప్రయోగాల్లో, అన్నీ సొంతంగా చేయించడంకంటే, చేసి ఉన్న లెక్క ఒకటి చదివించి అలాంటిదే ఒకటి చేయించడం వల్ల పిల్లలు తక్కువ సమయంలో నేర్చుకున్నారు. కాబట్టి పూర్తిగా చేసిన లెక్క ఒకటి, చివరి మెట్టు ఖాళీగా ఉంచింది ఒకటి, మొదటి మెట్టు మాత్రమే చేసి ఇచ్చింది ఒకటి, ఆ తర్వాతే పూర్తిగా సొంత లెక్క. వ్యాసం రాయించేటప్పుడూ ఇదే వరస పనికొస్తుంది.

బోర్డును రెండు భాగాలు చేసుకోండి. చేసి చూపిన లెక్క ఎడమవైపు పీరియడ్ అయ్యేదాకా ఉండాలి. తుడిచి రాసేదంతా కుడివైపే.

6. గోలను ముందే ఆపే పద్ధతులు

జేకబ్ కౌనిన్ క్లాసులను వీడియో తీసి పరిశీలించి, 1970లో తన ఫలితాలు ప్రచురించాడు. అల్లరి మొదలయ్యాక ఎలా మందలించారన్న దాంట్లో, క్లాసు చక్కగా నడిపే టీచర్లకూ, నడపలేక అవస్థపడే టీచర్లకూ చెప్పుకోదగ్గ తేడా అతనికి కనబడలేదు. అల్లరికి సందు దొరకనివ్వకపోవడంలోనే తేడా అంతా. గది మొత్తం ఎప్పుడూ కంటి చూపులో పెట్టుకోవడం, ఒక పని నుంచి ఇంకో పనికి ఆలస్యం లేకుండా మార్చడం, అందరినీ ఏదో ఒక పనిలో ఉంచడం.

గోల ఎక్కువగా పుట్టేది పని మారే చోటే. 'పుస్తకాలు తీసి, జట్లుగా కూర్చుని, నలభై రెండో పేజీలో మూడో ప్రశ్న చర్చించి నోట్సులో రాయండి' అని ఒక్క గుక్కలో చెబితే, సగంమంది లేచి బెంచీలు జరుపుతుంటే సగంమంది 'ఏ పేజీ?' అని అరుస్తుంటారు. ఎన్నో పేజీయో ముందు బోర్డు మీద రాయండి. ఒక్కో మాటగా చెప్పండి. ఏం చేయాలో ఒక పిల్ల చేత తిరిగి చెప్పించండి. ఎంతసేపో చెప్పండి. అప్పుడు 'మొదలుపెట్టండి' అనండి. ఆ మాట వినేదాకా ఎవరూ కదలకూడదని మొదటి వారంలోనే అలవాటు చేయండి.

ఆపడానికి ఒక గుర్తు పెట్టుకోండి. చెయ్యెత్తి నిలబడటం, రెండు చప్పట్లు, ఏదైనా సరే, ఏడాదంతా అదే. గొంతు పెంచితే పిల్లలు ఇంకా పైకి పెంచుతారు. గుర్తు చూపాక పూర్తి నిశ్శబ్దం వచ్చేదాకా మాట్లాడకండి. 'దాదాపు నిశ్శబ్దం' దగ్గర మొదలుపెడితే రేపటికి అదీ ఉండదు.

ఎవరైనా మాట్లాడుకుంటుంటే పాఠం ఆపకుండా నడుచుకుంటూ వెళ్లి ఆ బెంచీ పక్కన నిలబడండి. చాలాసార్లు అంతే చాలు. అప్పటికీ ఆగకపోతే చెవి దగ్గర మెల్లగా, 'రెండో లెక్క చేసి నాకు చూపించు' అని చేయాల్సిన పని చెప్పండి. ఇంకా మాట్లాడాల్సి ఉంటే బెల్లయ్యాక, ఒంటరిగా. కొట్టడం, వెటకారం చేయడం, తోటివాళ్ల ముందు పరువు తీయడం మాత్రం ఎప్పటికీ వద్దు. తప్పు జవాబైనా ధైర్యంగా చెప్పగలిగే పిల్లలుంటేనే పైన చెప్పిన పద్ధతుల్లో ఏదైనా నడుస్తుంది. ఒక్కరిని నలుగురిలో నవ్వులపాలు చేస్తే, చూస్తున్న మిగతావాళ్లందరి నోళ్లూ మూతబడతాయి.

7. ఒకే క్లాసులో పది మెట్లు

ఏడో క్లాసులో కూడా ఒక పేరా తడుముకోకుండా చదవలేని పిల్లలుంటారు. పక్క బెంచీలో పుస్తకం మొత్తం ముందే చదివేసిన పిల్ల ఉంటుంది. అందరికీ ఒకే పని ఇస్తే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది.

పాఠం ఒకటే ఉంచి, ఎక్కే మెట్లు మార్చండి. చదవలేని పిల్లవాడికి పాఠంలోని ఐదు ముఖ్యమైన మాటలు ముందురోజే ఇచ్చి పలికించండి. పాఠం మొదలయ్యేసరికి తెలిసిన మాటలు కనబడతాయి, ధైర్యం వస్తుంది. మంచి చదువరి పక్కన కూర్చోబెట్టినప్పుడు ఒక షరతు పెట్టండి: పెన్సిలు ఎప్పుడూ వెనకబడిన పిల్లవాడి చేతిలోనే ఉండాలి. సాయం చేసే పిల్ల మాటతోనే సాయం చేయాలి. లేకపోతే ఆ పిల్లే రాసిచ్చేస్తుంది. ప్రేమతోనే చేస్తుంది గానీ అవతలి పిల్లవాడు ఏమీ నేర్చుకోడు. చదవడం నేర్పే పని మాత్రం దీంతో తీరదు. రోజుకు పది నిమిషాలు నలుగురైదుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని గట్టిగా చదివించాల్సిందే. దానికి అడ్డదారి నాకైతే కనబడలేదు.

త్వరగా ముగించేవాళ్లకు అలాంటివే ఇంకో పది లెక్కలు ఇవ్వకండి. త్వరగా చేసినందుకు శిక్ష వేసినట్టుంటుంది. 'జవాబు 3/4 వచ్చేలా మూడు లెక్కలు తయారుచెయ్యి', 'ఈ లెక్కలో తప్పెక్కడుందో పట్టుకో', 'చిన్న తరగతి పిల్లకు అర్థమయ్యేలా నాలుగు వాక్యాల్లో రాయి'. ఇలాంటివి కార్డుల మీద రాసి మూల బల్ల మీద పెడితే వాళ్లే తీసుకుంటారు.

8. నోట్సులు దిద్దడం

నలభై నోట్సుల్లో ప్రతి తప్పునూ ఎర్ర ఇంకుతో దిద్దితే రాత్రి పొద్దుపోతుంది. పిల్లలు కింద మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తారు. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు పిల్లలకు మార్కు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ల పని మెరుగుపడింది. పక్కన మార్కు కూడా ఉంటే ఆ లాభం కనబడలేదు. మార్కు చూశాక వ్యాఖ్య చదవరన్నమాట.

పరీక్షలకు మార్కులు తప్పవు, నిజమే. రోజువారీ పనికైనా మానండి. వ్యాఖ్య రాసేటప్పుడు 'ఇంకా బాగా రాయాలి', 'శ్రద్ధ అవసరం' అన్న మాటల వల్ల ఏం చేయాలో పిల్లకు తెలియదు. 'రెండో పేరాలో వాన ఎందుకు పడిందో చెప్పావు. నేల ఎందుకు పీల్చుకోలేదో ఒక వాక్యం చేర్చు' అంటే ఏం చేయాలో తెలుస్తుంది. లెక్కల్లోనైతే 'ఈ ఐదింటిలో రెండు తప్పున్నాయి, వెతుకు' అని రాసి వదిలేయండి. వెతకడంలో ఐదూ మళ్లీ చేస్తుంది.

అందరికీ విడివిడిగా రాసే ఓపిక ఏ టీచరుకూ ఉండదు. అందుకని నోట్సులు చూస్తూ పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఎక్కువమంది చేసిన తప్పులు నాలుగైదే తేలుతాయి. వాటికి అంకెలు వేసి, నోట్సులో ఆ అంకె మాత్రమే రాయండి. మర్నాడు ఆ జాబితా బోర్డు మీదికెక్కించి, పది నిమిషాలు దిద్దుకోవడానికి ఇవ్వండి. ఈ పది నిమిషాలు క్లాసులోనే ఇవ్వాలి. ఇంట్లో దిద్దుకు రమ్మంటే తెచ్చేది ముందు బెంచీవాళ్లే.

9. ఆఖరి మూడు నిమిషాలు

బెల్లుకు ముందు పావు కాగితం ముక్క మీద, మీరు ముందురోజు రాసుకున్న మూడో ప్రశ్నకు జవాబు రాసి ఇచ్చి వెళ్లమనండి. పేరు తప్పకుండా రాయాలి. దీన్ని దిద్దక్కర్లేదు. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని మూడు కుప్పలు చేయండి: వచ్చింది, కొంచెం వచ్చింది, రాలేదు. క్లాసంతటికీ ఐదు నిమిషాలు కూడా పట్టదు.

ఈ వ్యాసంలో చెప్పినవన్నీ సోమవారం నుంచే మొదలుపెడితే బుధవారానికి అలసిపోతారు, పిల్లలకూ గందరగోళమే. మొదటి రెండు వారాలు ప్రశ్న అడిగి ఆగడం ఒక్కటే చేయండి. దానికి సామానూ అక్కర్లేదు, సిలబస్ వెనకబడుతుందన్న బెంగా లేదు. అది అలవాటయ్యాక మొదటి ఐదు నిమిషాల ప్రశ్నలు, ఆ తర్వాత ఈ కాగితం ముక్కలు. మిగతావి ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు.

'రాలేదు' కుప్పలో ఇద్దరు ముగ్గురే ఉంటే మర్నాడు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. సగం క్లాసు ఉంటే ఆ పాఠం ఇంకా అవలేదు, రేపు కొత్తది మొదలుపెట్టకండి. 'కొంచెం వచ్చింది' కుప్పను మాత్రం మళ్లీ ఒకసారి తిరగేయండి. ఎక్కువమంది ఏ మెట్టు దగ్గర ఆగారో అదే రేపు పిల్లలు వచ్చేసరికి బోర్డు మీద ఉండాల్సిన మొదటి ప్రశ్న.